బొమ్మల కొలువునకు పద్దుల పుస్తకము



నేటి నా ప్రసంగమునకు విషయము బొమ్మల లెక్క. ఈ మాట వినగానే గ్రామములలోని పెద్దలు కొందఱు నవ్వుకొందురని నేనెఱుగుదును. ధాన్యమునకు లెక్క కలదు, పాడికి లెక్క కలదు, ఇచ్చిన యప్పునకు లెక్క కలదు. పండుగనాడు ఆడువారు మెట్లపై నిలుపు చిన్న బొమ్మలకు పద్దేమి యని వారడుగవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలచినవాడను. ఆ తలంపు మా యింటివలన ఒక నిరపరాధికి ఎంత కష్టము తెచ్చెనో ముందు చెప్పి, పిదప పద్దు వ్రాయు విధానమును విన్నవించెదను.

మాది కరణముల కుటుంబము. 1984లో ఆ యుద్యోగములు రద్దగువరకు మా తండ్రిగారు గ్రామకరణముగా నుండిరి. ఊరిలో సెంటు భూమి చేతులు మాఱినను వారి పుస్తకములో కనబడవలసినదే. అట్టి యింటిలో లెక్క లేని వస్తువులు ఒక్క బొమ్మలే. మా తల్లిగారు 1952లో కాపురమునకు వచ్చునప్పుడు పుట్టింటినుండి పదునొకండు బొమ్మలు తెచ్చుకొనిరి. ఏటేట సంక్రాంతి కొలువునకు ఒక్క క్రొత్త బొమ్మయైనను చేర్చవలెనను ఆచారమును ఆమె తప్పలేదు. పనిమీద బెజవాడకు పోయినవారు కొండపల్లి బొమ్మ తెచ్చిరి. తిరుపతి యాత్రకు పోయినవారు ఎఱ్ఱచందనపు జంటను తెచ్చిరి. పేరంటాండ్రు కానుక లిచ్చిరి. ఇరువది యేండ్లు గడచుసరికి మూడుమెట్ల కొలువు ఏడుమెట్ల కొలువైనది, ఒక పెట్టె మూడు పెట్టెలైనది. ఎన్ని బొమ్మలు గలవో, ఏది యెందున్నదో మా తల్లిగారి జ్ఞాపకమున తప్ప మఱెచ్చటను లేదు.

1971 సంక్రాంతికి కొలువు తీర్చుచుండగా పెండ్లిపల్లకి మోయు నలుగురు బోయీలలో ఒకడు కనబడలేదు. పల్లకి మూడు భుజములపై వంగి నిలిచినది. ఆ పనిలో మా వీధి బాలిక యొకతె, పదియేండ్ల పిల్ల, ఏటేట మా తల్లిగారికి సాయపడుచుండెడిది. ఎవరును ఆమెను దొంగ యనలేదు. కాని “నీవేమైనను చూచితివా?” అని ముగ్గురు మూడుమాఱు లడిగిరి. అంతే చాలినది. ఆ పిల్ల మఱల మా గుమ్మము త్రొక్కలేదు. ఆమె తల్లియు మా యింటి పేరంటమునకు వచ్చుట మానివేసినది.

పదునెనిమిది యేండ్ల పిమ్మట, 1989లో ఇంటికి మరమ్మతు చేయించుచు పెట్టె లన్నియు దింపితిమి. తొండము విఱిగినందున చాలయేండ్లుగా కొలువున పెట్టని అంబారీ యేనుగును చుట్టిన పాతపంచె విప్పగా, దాని మడతలో ఆ బోయీ పడుకొని యున్నాడు. 1970లో బొమ్మలు సర్దిననాడు మాలో నెవరో ఆ రెంటిని కలిపి చుట్టినారు. మా తల్లిగారు మఱునాడే, అప్పటికి అత్తవారి యూర కాపురమున్న ఆమెకడకు చీరయు, పసుపుకుంకుమలును గొని పోయి, తప్పు మాదని చెప్పుకొనిరి. ఆమె చీర తీసికొని, “బొమ్మ దొరికింది, మంచిదే అమ్మగారూ. మా అమ్మ ఉండగా దొరికితే బాగుండేది” అన్నదట. ఆ మాటతో మా తల్లిగారు ఇల్లు చేరి, “ఈ యేడు క్రొత్తబొమ్మ వలదు, పుస్తక మొకటి కావలెను” అనిరి. 1990 సంక్రాంతికి మా బొమ్మల పద్దు ఇట్లు మొదలైనది.

ఇక విధానము వినుడు.

మొదటి పని, కొనుట యాపి యున్నవానిని లెక్కించుట. పెట్టె లన్నియు ఒక్కసారి విప్పి, ఒకే గదిలో చాపలు పఱచి, బొమ్మల నన్నిటిని వరుసగా పేర్పవలెను. కొన్ని యిచ్చట, కొన్ని యటుకమీద నుండగా లెక్కించినచో ఒకటే రెండుమాఱులు వచ్చును, లేదా తప్పిపోవును. మాకీపనికి రెండు దినములు పట్టినది.

లెక్కింప మొదలిడగానే ఒక సందేహము కలుగును. దశావతారముల వరుసలో పది బొమ్మలున్నవి. అవి పది పద్దులా, ఒక పద్దా? మేము పెట్టుకొన్న నియమ మిది: కలసి వచ్చి, కలసి నిలుచునవి ఒక పద్దు; అందలి యంగములకు ఉపసంఖ్యలు. మా పుస్తకమున పెండ్లిపల్లకి 7వ సంఖ్య. పల్లకి 7-1, వధువు 7-2, వరుడు 7-3, బోయీలు 7-4 మొదలు 7-7 వరకు. ఇట్లు వ్రాసినందున పద్దులెన్ని, విడిబొమ్మలెన్ని యను రెండు లెక్కలును తెలియును. మొదటి లెక్కనాడు మాకు 143 పద్దులు, 212 విడిబొమ్మలు తేలినవి. నూటికి లోపుగా నుండునని మేమందఱము తలచియుంటిమి.

రెండవది సంఖ్య. ఇందు మేమొక తప్పు చేసితిమి. దేవతలకు 1 నుండి 50, జంతువులకు 51 నుండి 100, మనుష్యులకు ఆపైని అని గడులు విభజించితిమి. మూడేండ్లలో దేవతల గడి నిండిపోయినది. పైగా, గోవుతో నిలిచిన కృష్ణుడు దేవతయా, జంతువులలో చేరునా యను తర్కము పుట్టినది. అప్పుడు విభాగములు విడిచి, వచ్చిన క్రమముననే సంఖ్య లిచ్చితిమి. సంఖ్యకు వేఱు అర్థ ముండరాదు. అది పేరువంటిది, గుర్తించుటకు మాత్రమే. వస్తుప్రదర్శనశాలలలోను వస్తువు వచ్చిన సంవత్సరమును, ఆ యేటి వరుససంఖ్యను కలిపి వ్రాయు పద్ధతి వాడుకలో నున్నది. 2024లో వచ్చిన మూడవ వస్తువు 2024-3 అగును. ఏ పద్ధతి యైనను ఒక నియమము తప్పరాదు. బొమ్మ పగిలినను, పోయినను, ఒకరి కిచ్చినను దాని సంఖ్యను మఱియొక బొమ్మకు ఈయరాదు. చచ్చినవాని పేరిట పట్టా నడుపుట యెంత తప్పో ఇదియు నంతే.

మూడవది, సంఖ్యను బొమ్మకు తగిలించు తీరు. జిగురుకాగితము అంటింపరాదు, తీయునప్పుడు రంగు దానితో ఊడివచ్చును, తీయకున్న జిగురు మఱకగా నిలుచును. రంగు వేయని కఱ్ఱ అడుగున పెన్సిలుతో మెల్లగా వ్రాయవచ్చును. అంతటను రంగున్నచో నూలుదారముతో చిన్న కాగితపు చీటి వదులుగా కట్టవలెను. చీటి కట్టుటకును తావులేని చిన్నబొమ్మను ఒక డబ్బీలో నుంచి డబ్బీమీద సంఖ్య వ్రాయవలెను. ఇనుపతీగ వలదు, త్రుప్పుపట్టి రంగును చెఱచును.

నాలుగవది పుస్తకము. విడికాగితములు పనికిరావు; కుట్టిన పుస్తకమే కావలెను, పుటలకు ముందే సంఖ్య లుండవలెను. పద్దు సిరాతో వ్రాయవలెను. తప్పు వ్రాసినచో చెఱిపివేయక, ఒక గీత కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి తేదీ వేయవలెను. కొట్టివేసిన మాటయు చదువుటకు వీలుగా నుండుటయే మంచిపద్దు లక్షణమని మా తండ్రిగారనెడివారు.

గడులు ఇవి: సంఖ్య, బొమ్మ పేరు, రూపవర్ణనము, దేనితో చేసినది, ఏ యూరిది, ఎత్తు, ఎప్పుడు వచ్చినది, ఎట్లు వచ్చినది, కొన్నచో వెల, ఉన్న లోపములు, పెట్టె సంఖ్య, విశేషములు. రూపవర్ణనము బొమ్మను చూడనివాడును గుర్తుపట్టునట్లుండవలెను. “గొల్లభామ” యని వ్రాసిన చాలదు. మాకు గొల్లభామలు నలుగురున్నారు. “పచ్చచీర, తలపై ఎఱ్ఱకుండ, కుడిచేయి పైకెత్తినది, ఎడమపాదము చివర రంగు పోయినది, ఎత్తు 14 సెంటీమీటర్లు” అని వ్రాసినచో సందేహ ముండదు. లోపములను దాచక వ్రాయవలెను. ఒక్కొక్కప్పుడు ఆ లోపమే బొమ్మకు పుట్టుమచ్చవలె గుర్తగును.

దేనితో చేసినదను గడి అలంకారమునకు కాదు. భద్రపఱచు విధ మంతయు దానిపై నాధారపడియున్నది. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో చేయుదురు. అది మిక్కిలి తేలిక. చేతులు మొదలగు అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండియు, ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, పైన సున్నపుపూత వేసి రంగు లద్దుదురు. కాబట్టి ఆ బొమ్మ విఱిగినచో చాలవఱకు అతుకువద్దనే విఱుగును. చేయిపట్టి యెత్తరాదు, మొండెము పట్టి యెత్తవలెను. తడిగుడ్డతో తుడువరాదు. అనకాపల్లి జిల్లాలో వరాహనదీతీరమున నున్న ఏటికొప్పాక బొమ్మలు వేఱు. అవి అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పి గుండ్రముగా తీర్చినవి. తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్క నొత్తగా, ఒరపిడివేడికి లక్క కరగి పట్టుకొనును. మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. లక్కకు వేడి శత్రువు. ఎండలోను, వంటయింటి అటుకపైనను ఉంచరాదు. నిర్మల బొమ్మలకును పొణికికఱ్ఱయే వాడుదురు. రంగుల నునుపే వాని సొగసు గనుక ఒరసికొననీయరాదు. ఎఱ్ఱచందనపు బొమ్మ బరువైనది. పెట్టెలో అడుగున నుండవలెను. మట్టిబొమ్మపై మఱియే బొమ్మయు నుండరాదు.

ఐదవది పెట్టెల పట్టిక. ప్రతి పెట్టెకు ఒక సంఖ్య యిచ్చి, అందలి బొమ్మల సంఖ్యల జాబితాను మూతలోపల నుంచవలెను. ఒక గుడ్డలో ఒక్క బొమ్మనే చుట్టవలెను. ఈ నియమ మొక్కటి యున్నచో మా బోయీ పందొమ్మిది యేండ్లు ఏనుగుతో పండుకొనియుండడు. కొలువు తీర్చునాడు జాబితాపై ఒక గుర్తు, మఱల సర్దునాడు ఇంకొక గుర్తు పెట్టవలెను. కొలువు ముగింపున ఒక బొమ్మను పరుండబెట్టుట కొన్ని యిండ్ల ఆచారము. మా యింట ఆ తరువాతనే పుస్తకము తెఱతుము. రెండవ గుర్తు పడని బొమ్మ యున్నంతవఱకు పెట్టెలు మూయము. పోయినది ఆనాడే తెలిసినచో, ఆ గదిలోనే వెదకవచ్చును. ఏడాది గడచిన పిమ్మట తెలిసినచో వస్తువును గాక మనుష్యులను వెదకుదుము. అందే కీడున్నది.

వేపాకు వేసితిమిగదా యని పెట్టెల మొగము చూడక యుండుటయు తప్పు. ఏటికి రెండుమాఱులైన, ముఖ్యముగా వానలు వెలిసిన పిమ్మట, విప్పి చూడవలెను. కఱ్ఱబొమ్మక్రింద మెత్తని పిండివంటి పొడి రాలియున్నచో పురుగు తొలుచుచున్నదని గుర్తు. దానిని వెంటనే వేఱుచేసి, ప్రక్కవానిని పరీక్షించి, లోపముల గడిలో తేదీతో వ్రాయవలెను. ఇట్లు వ్రాసినందుననే మా మూడవ పెట్టెలో మూడేండ్లు వరుసగా పురుగు పట్టినదని కనుగొంటిమి. దోషము బొమ్మలది కాదు, పెట్టె చెక్కది. పెట్టె మార్చగా ఆ బాధ తీఱినది.

ఆఱవది ఎరవుల పుట. బడిలో ప్రదర్శనమునకనియో, పొరుగువారి కొలువున మెట్టు బోసిపోయినదనియో బొమ్మ లడుగుదురు. ఈయవచ్చును, కాని సంఖ్య, పుచ్చుకొన్నవారు, తేదీ, అప్పటి లోపములు వ్రాసి వారికి చదివి వినిపింపవలెను. ఇది అనుమానము కాదు. ముందే యున్న పగులు వారి తలపై పడకుండ చేయు రక్షణము.

ఈ కాలమున చేతిలో ఫోనున్న ప్రతి యింటను ఛాయాచిత్రము సులభము. బొమ్మప్రక్కన సంఖ్య వ్రాసిన చీటియు, కొలబద్దయు నుంచి ముందువైపు, వెనుకవైపు తీయవలెను. కాని బొమ్మ ఎవరిచ్చిరో చిత్రము చెప్పదు. ఫోను పోయినచో చిత్రములును పోవును. కాబట్టి పుస్తకమే మూలము, చిత్రము సాక్షి. పుస్తకమునకు నకలొకటి వేఱొక యింట నుంచుట మేలు.

పెరుగుచున్న కొలువునకు పద్దు ఇంకొక మేలుచేయును. మేము ఒకే రూపపు తాడిచెట్టును మూడు వేర్వేఱు సంవత్సరములలో కొన్నట్లు లెక్కలోగాని తెలియలేదు. ఇప్పుడు కొనుటకు పోవునప్పుడు జాబితా వెంట గొనిపోవుదుము. ఉన్నది మరల కొనక, లేనిది కొనుట యలవాటైనది. ఒక్క బొమ్మ యెంత దూరము పోగలదో చెప్పలేము. చిత్రకారుడు శంకర్ పిళ్ళెగారికి హంగేరీదేశపు బొమ్మ యొకటి చేతికి వచ్చుటతో మొదలైన సేకరణము, 1965లో ఢిల్లీనగరమున అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాలగా వెలసినది. అందు నేడు వేలకొలది బొమ్మలున్నవి. మన హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులు ఆయన 1949లో గతించిన పిమ్మట, 1951లో ప్రజలకు ప్రదర్శనశాలగా తెఱవబడినవి. సేకరించినవాడు పోయిన తరువాత వస్తువులగతి యేమను ప్రశ్న నవాబు మేడలోను, మన పెంకుటింటను ఒక్కటే.

చివరి గడి విశేషములది. అన్నిటిలో విలువైన దదియే యని నాకు ఆలస్యముగా తెలిసినది. 1990లో మా తల్లిగారిని కూర్చుండబెట్టి, ఒక్కొక్క బొమ్మను ఆమె చేతికిచ్చి, “ఇది యెవరిచ్చిరి?” అని యడిగి వ్రాసితిని. నెత్తిపై బుట్టగల ముసలిదాని బొమ్మ తన మేనత్త యిచ్చినదనియు, ఆ యేడే మేనత్త గతించినదనియు చెప్పిరి. ఎద్దులబండి నా పుట్టుకనాడు మా తాతగారు తెచ్చినదట. నలుబదియేండ్లకు దగ్గరపడినవాడనై ఆ మాట మొదటిసారి వింటిని. రెండు బొమ్మల సంగతి ఆమెకు జ్ఞాపకము రాలేదు. ఏదో యొకటి వ్రాయుమని ఇంటివా రనిరి. నేను “తెలియదు” అని వ్రాసితిని. ఊహించి వ్రాసిన మాట పదియేండ్లకు నిజమై కూర్చుండును. తెలియదన్న మాట యెవరికిని కీడు చేయదు.

మా తల్లిగారు 2006లో గతించిరి. బొమ్మలను నా యిద్దఱు చెల్లెండ్రును, నా భార్యయు పంచుకొనవలసివచ్చినది. పొలము పంపకములలో కానరాని కంటనీరు బొమ్మల పంపకములలో కానవచ్చునని పెద్దలకు తెలియును. పుస్తకము నడుమ నుంచి మూడు నియమములు చేసికొంటిమి: ఒక పద్దును విడదీయరాదు, ఎవరిచ్చిన బొమ్మ మొదట వారి సంతతి కోరుకొనవచ్చును, పాత సంఖ్య క్రొత్త యింటను మాఱరాదు. మూడు గంటలలో పంపకము ముగిసినది. నేటికిని పెద్దచెల్లెలు ఉత్తరము వ్రాయునప్పుడు “మన 31వ సంఖ్య క్షేమము” అని వ్రాయును. అది వీణ పట్టిన సరస్వతి.

పెండ్లిపల్లకి నాయొద్దనే యున్నది. దాని పద్దులో 7-6 అను ఉపసంఖ్యకు ఎదురుగా విశేషముల గడిలో మా తండ్రిగారు స్వహస్తముతో వ్రాసిన పంక్తి యిది: “1971లో పోయినదనుకొంటిమి. 1989లో మా పెట్టెలోనే దొరకినది. ఎవరును తీయలేదు.” ఊరి భూములన్నిటికి పద్దు వ్రాసిన చేయి చివరిదినములలో వ్రాసిన పద్దులలో నదియొకటి. ఏటేట కొలువు తీర్చుటకు ముందు మా మనుమరాండ్రచేత దానిని చదివించుచున్నాము.

వచ్చు పండుగకు మీ యింట పెట్టెలు దింపుదురుగదా. క్రొత్తబొమ్మతోబాటు కుట్టిన పుస్తక మొకటియు తెప్పించుడు. ఇంటిలో వయసు మీఱిన యామెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదటి పద్దు ఆమె నడిగి వ్రాయుడు. ఆ పని మఱు సంవత్సరమునకు వాయిదా వేయకుడు.

సెలవు.